కింద పెట్టిన కప్పు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా రాతలో తప్పులుంటాయి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న చెయ్యి ఇది. తేయాకు కోసే కత్తెర పట్టినంత గట్టిగా పెన్ను పట్టుకుంటుంది, అందుకని కాగితం అక్కడక్కడా చిరుగుతుంది. నిదానం కూడా ఎక్కువే. ఒక మాట రాసి, అది నిజంగా నేను రాసిందేనా అని దాని వంక చూస్తూ కూర్చుంటాను. నాకు చదువు చెప్పిన నెర్మిన్ అనే అమ్మాయి ఫోన్లో అంటుంది, "తప్పులు నేను చూసుకుంటాలే పిన్నీ, నువ్వు ఒక్క గంట సంగతి రాయి. బుర్రలో ఎలా తిరిగిందో అలాగే రాయి, సర్దకు." సర్దొద్దంటే నాకు సంతోషమే. సర్దడంతోనే బతుకంతా సరిపోయింది.

ఆ గంట ఉర్ఫాలోది, టర్కీలో సిరియా సరిహద్దు వైపు ఉన్న ఎండల ఊరు. ఆగస్టు నెల, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా తలుపులు వేసుకుని పడుకునే వేళ. కుక్కలు కూడా మొరిగే పని సాయంత్రానికి వాయిదా వేసుకునే వేళ. నేను ఒక రాతి గదిలో పలచటి పరుపు మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాను. ఇంట్లో అన్నిటికంటే చల్లని గది ఇదేనని నాకిచ్చారు. ఉత్తరాన నల్లసముద్రం పక్కన మా రిజె కొండల్లో రొట్టెలు కాల్చడం అయిపోయాక పొయ్యి తలుపు తెరిచి పెడితే, కాసేపటికి లోపల ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంది. గోడకు చెయ్యి ఆనించాను. గోడ నాకంటే ముసలిది, నాకంటే వెచ్చగా ఉంది. మావైపు ఎండ అంటే మేఘం ఏదో పని మీద పక్కకు వెళ్లినప్పుడు కనబడేది. అది చూసి పిల్లలు బయటికి పరిగెత్తేవాళ్లు, ఆడవాళ్లు బట్టలు ఆరేసేవాళ్లు, ఆరకముందే తీసేవాళ్లు. ఇక్కడ ఎండకు రావడం పోవడం లేదు, ఇంట్లో మనిషిలాగా ఉంటుంది. మేడ మీద మిరపకాయలు ఆరబోశారు, వాటి ఘాటు మెట్ల మీదుగా దిగి వచ్చి నా ముక్కులో కూర్చుంది. ఒంటి మీద బట్టల కింద ఉన్ని బనియను ఉంది. నేను అల్లుకున్నదే. ఛాతీకి గాలి తగిలితే ఊపిరితిత్తులు పాడవుతాయని మా అమ్మ చెప్పింది, మా అమ్మకు వాళ్లమ్మ చెప్పింది, గాలే లేని ఊరొకటి ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. విప్పుదామని మెడ దగ్గర చెయ్యి పెట్టాను. పక్క పరుపు మీద రహీమే పెద్దమ్మ పడుకుని ఉంది. ఈ ఇంటికి పెద్ద, ఎంత పెద్దో ఇంట్లో ఎవరికీ తెలియదు. గురక పెడుతూనే చేతిలో విసనకర్ర ఊపుతోంది. గురక ఆగలేదు, కళ్లు తెరుచుకోలేదు, మధ్యలోంచి మాట మాత్రం వచ్చింది.

"విప్పెయ్ తల్లీ. ఆ గొర్రెను బయటికి తోలెయ్. పాపం అది కూడా ఉడికిపోతోంది."

చెయ్యి తీసేశాను. పిల్లనడగడానికి వచ్చినదాన్ని. వచ్చిన రోజే బట్టలు విప్పిందన్న పేరు రాకూడదు.

అవును, పిల్లనడగడానికే వచ్చాను. మా అబ్బాయి ఇల్యాస్ ఇక్కడ కాలువల ఆఫీసులో పనికి చేరి, మొదటి వేసవిలోనే వడదెబ్బ తగిలి ఒక మందుల కొట్టు మెట్ల మీద పడిపోయాడు. ఆ కొట్లో పనిచేసే జెలిహా వాడి నెత్తిన నీళ్లు పోసి, ఉప్పు మజ్జిగ తాగించి, "మీది ఏ ఊరు, చేపల ఊరా?" అని అడిగిందట. ఆ తర్వాత వాడు ఎండ లేకపోయినా ఆ మెట్ల మీద పడిపోవడం మొదలుపెట్టాడు. మంచి పిల్ల. తండ్రి లేడు. తండ్రికి అన్నగారు బాకిర్ పెంచారు, రహీమే పెద్దమ్మ పెద్దకొడుకు, రాగిపాత్రలు చేసే మనిషి. ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. కాబట్టి పిల్లను అడగాల్సింది ఆయన్ని. అడగాల్సిన వాడు మా ఇంటి పెద్ద, అంటే మా ఆయన దుర్సున్. దుర్సునేమో మా ఇంటి వెనక, తేయాకు మొక్కల పక్కన, మట్టిలో ఉన్నాడు. మావైపు పోయినవాళ్లను దూరం పంపించం, పెరట్లోనే పెట్టుకుంటాం. అందుకని ఆ మాట నేనే అనాలి. దేవుడి ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, మీ జెలిహాను మా ఇల్యాస్‌కు అడుగుతున్నాం. ఇంతే. బస్సులో రాత్రంతా నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. పక్కసీటు ఆవిడ నాకు మతి చలించిందనుకుని డ్రైవరు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఒళ్లో డబ్బా నిండా వెన్న, మా పైకొండ ఆవులది. బయలుదేరినప్పుడు రాయిలా ఉంది. కొండలు దిగి మైదానంలోకి వచ్చేసరికి పాయసంలా అయింది. ఉర్ఫాలో దిగేసరికి నా బుట్టలో, నా చెప్పుల్లో, బస్సు మెట్ల మీద ఉంది. డబ్బాలో మిగిలిన దాన్ని రహీమే పెద్దమ్మ వేలితో తాకి చూసి, "నూనె బాగుంది వియ్యపురాలా" అంది.

వెన్నకు నేను సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సింది తర్వాత జరిగింది. గది తలుపు ఓరగా ఉంది, ఆ సందులోంచి ముంగిలి కనిపిస్తుంది. ముంగిట్లో దానిమ్మ చెట్టు, చెట్టుకు కాస్త ఎడంగా రాగి పళ్లెం, పళ్లెంలో ఒక కప్పు. పిడి లేని కప్పు, గుడ్డు పెంకు అంత. దాన్ని అక్కడ పెట్టింది నేను. ఇక్కడి వాళ్లకు మిర్రా అని ఒక కాఫీ ఉంటుంది. కాచి, వడగట్టి, మళ్లీ కాచి, మళ్లీ వడగట్టి, చివరికి కాఫీలో కోపం తప్ప ఇంకేమీ మిగలనంత వరకూ కాస్తారు. అది మగవాళ్లు పోస్తారు. ఒక్క గుక్క పోస్తారు, తాగి, కప్పు పోసినవాడి చేతికే ఇవ్వాలి. కింద పెట్టకూడదు. పెడితే పోసిన మనిషిని చిన్నచూపు చూసినట్టు. అందుకు శిక్ష ఉంది. ఆ కప్పు నిండా బంగారం పోసి ఇవ్వాలి, లేదా పోసినవాడు ఒంటరివాడైతే వాడికి పెళ్లి చేయాలి. నాకు తెలియక కాదు. ఇల్యాస్ బస్టాండులో చెప్పాడు, టాక్సీలో చెప్పాడు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే మళ్లీ చెప్పాడు. "కింద పెట్టకు అమ్మా, ఏమైనా కానీ, ఇల్లు కూలిపోతున్నా సరే కింద పెట్టకు." ఇల్లు కూలలేదు. బాకిర్ గారు పొడుగాటి రాగి చెంబుతో వచ్చి నా ముందు వంగి, నల్లగా ఒక గుక్క పోసి ఇచ్చారు. నేను నోట్లో పోసుకున్నాను. అప్పుడు ఆయన, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా, చాలా మర్యాదగా అడిగారు.

"మీ ఊళ్లో వాన పడుతుందట కదండీ. చిన్నప్పుడు నేనూ ఒకసారి చూశాను. పైనుంచే పడుతుంది కదూ?"

నవ్వు వచ్చింది. నవ్వూ మిర్రా గొంతులో ఒకే ద్వారం దగ్గర కలుసుకున్నాయి. దగ్గు, కళ్లలో నీళ్లు, ముక్కులోంచి కాఫీ. తలగుడ్డ సర్దుకోవడానికి రెండు చేతులూ కావాలి కదా, కప్పు పళ్లెంలో పెట్టేశాను. టక్‌మని చప్పుడైంది. చిన్న చప్పుడే. కానీ జెలిహా తల్లి చేతిలోని పుచ్చకాయ ముక్క జారిపోయింది, జెలిహా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మా ఇల్యాస్ ముఖం మేడ మీది మిరపకాయలా అయింది. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు, పావురాలు లేచిపోయేంత నవ్వు. ఒక్క బాకిర్ గారు నవ్వలేదు. ఖాళీ చెయ్యి చాచి అలాగే నిలబడ్డారు, నేను ఏదో ఇస్తానన్నట్టు.

రహీమే పెద్దమ్మ తీర్పు చెప్పింది. "నవ్వింది చాలు. కింద పెట్టిన కప్పు కింద ఉండగా పిల్లను అడగడం ఈ ఇంట్లో లేదు. ముందు కప్పు సంగతి తేలాలి. వియ్యపురాలా, బంగారం తెచ్చావా?"

"వెన్న తెచ్చాను పెద్దమ్మా."

"వెన్నతో నింపితే వీడు నాకేస్తాడు. ఒరేయ్ బాకిర్, నీకేం కావాలి?"

"బంగారం వద్దమ్మా," అన్నారు ఆయన. "నాకు దాని వాసన పడదు."

"అయితే పెళ్లే. పడుకుని లేచాక చెప్పు వియ్యపురాలా, మా వాడికి ఎవరినిస్తావో. పిల్ల మాట ఆ తర్వాత."

అదీ సంగతి. కప్పును ఎవరూ తీయలేదు. అది అక్కడ కూర్చుని నన్ను చూస్తోంది, దాని మీద ఒక ఈగ నడుస్తోంది. దానిమ్మ నీడ పళ్లెం దాకా ఇంకా రాలేదు. నీడ వచ్చేసరికి వీళ్లు లేస్తారు. అప్పటికి నేను ఒక పేరు చెప్పాలి. ఆటే అనుకోండి, కానీ ఆటను ఆటలాగా ఆడకపోతే ఈ ఊళ్లో అంతకంటే పెద్ద తప్పు లేదు. నా మాటతో మా వాడి పెళ్లి ముడిపడి ఉంది. సరే, ఒంటరి ఆడవాళ్లకు మా కొండ మీద కొదవా. మా ఎదురింటి గుల్లూ ఉంది. ముగ్గురు మొగుళ్లను పెరట్లో వరసగా పెట్టుకుంది, నాలుగో చోటు చదును చేసి అందులో ఉల్లి వేసింది. ఆమెను ఈ పెద్దమనిషికి ఇవ్వడానికి మనసొప్పలేదు. మా ఆడబిడ్డ సుల్తాన్ ఉంది, మంచిది, బలమైనది, తేయాకు మూట వీపున వేసుకుని కొండ ఎక్కుతుంటే గాడిదలు పక్కకు తప్పుకుంటాయి. కానీ ఆమె తన ఆవును విడిచి ఒక్క రాత్రి ఉండదు. ఆవును ఉర్ఫా తీసుకొస్తే రెండో రోజుకే పాలకోవా ఇస్తుంది. మిల్లు దగ్గర హాతున్ ఉంది, చెవుడు. ఆయన ముఖంలో గీత కదలకుండా ఒక మాట అన్నాక ఆమె "ఆఁ?" అంటే, ఆయన మళ్లీ చెప్పాలి. అలాంటి మాట రెండోసారి చెప్తే అందులో నవ్వు చచ్చిపోతుంది. తహ్సీన్ భార్య, కాదు, తహ్సీన్ బతికే ఉన్నాడు. పోస్టాఫీసు పక్క కుట్టుమిషను ఆవిడ ఉంది, వయసు తక్కువ, పళ్లన్నీ ఉన్నాయి, వంట బాగా చేస్తుంది, నవ్వు కూడా బాగుంటుంది. ఆమె అసలు వద్దు. ఎందుకు వద్దో నేను ఆలోచించలేదు. పక్కకు తిరిగి పడుకున్నాను. వీపు కింద పరుపు మీద నా ఆకారంలో చెమట మరక, చేతులు చాచుకున్న ఎలుగుబంటిలా.

మా దుర్సున్ నాకు పేపరు చదివి వినిపించేవాడు. రోజూ సాయంత్రం, పొయ్యి దగ్గర, బయట వాన. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేదాన్ని. అంకారాలో ఒక ఆవు మసీదు గోపురం ఎక్కి దిగడానికి ఒప్పుకోలేదట, చివరికి ఇమాం ఎక్కి దాని చెవిలో ఏదో చెబితే దిగిందట. ఇజ్మీర్‌లో ఒకాయన పళ్లసెట్టు పోగొట్టుకుంటే నెల తర్వాత సముద్రంలో పట్టిన చేప నోట్లో దొరికిందట, సరిగ్గా దానికి సరిపోయిందట. నేను నమ్మేదాన్ని. బావి దగ్గర అందరికీ చెప్పేదాన్ని. "మీ ఇంటికి వచ్చే పేపరు మా ఇంటికి రాదేమే" అనేవాళ్లు. దుర్సున్ పోయాక, నెర్మిన్ దగ్గర అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక, నేను మొట్టమొదట చదివింది అలమరలో గిన్నెల కింద పరిచిన పాత పేపర్లు. గిన్నెలన్నీ నేల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి చదివాను. ఆవు లేదు. చేప లేదు. పళ్లసెట్టు లేదు. మంత్రులు ఉన్నారు, సిమెంటు ధర ఉంది. అలమర మొత్తం ఖాళీ చేశాను. ఎక్కడా లేదు. అప్పుడు నేను ఆ గిన్నెల మధ్య కూర్చుని ఎంత నవ్వానంటే మా సుల్తాన్ పరిగెత్తుకొచ్చి నా నెత్తిన నీళ్లు చల్లింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపు కూడా ఉంది, కానీ నీళ్లు చల్లారు కాబట్టి ఏది ఏదో తెలియలేదు. అంతకాలం నన్ను నవ్వించడానికి ఒక మనిషి రోజూ పొలం పని అయ్యాక కూర్చుని దేశమంతటికీ కొత్త వార్తలు కల్పించాడు. ఆయన పోయాక నాకు ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. ఇల్యాస్ నిజమే చెప్తాడు, ఎప్పుడూ నిజమే, కాలువలో నీళ్లెంత ఉన్నాయో చెప్పినట్టు. డాక్టరు నిజం చెప్తాడు. సుల్తాన్ అయితే అడగకపోయినా నిజం చెప్తుంది. ఇంతమంది నిజాలు చెప్పే ఇంట్లో సాయంత్రం పూట చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.

పొద్దున వచ్చీ రాగానే బాకిర్ గారు నన్ను మేడ మీదికి తీసుకెళ్లి పావురాలు చూపించారు. వాటి కాళ్లకు వెండి కడియాలున్నాయి, నా చేతికి లేవు. ఒక బూడిదరంగు పావురాన్ని చూపించి, "ఇది నిరుడు డమాస్కస్ వెళ్లి మొగుణ్ణి తెచ్చుకుంది, వాడికి మన భాష రాదు, అందుకే అలా మూలన కూర్చుంటాడు" అన్నారు. నేను మూలన ఉన్న పావురం వంక చూశాను. నిజంగానే భాష రానివాడిలా కూర్చుంది. "అయ్యో" అన్నాను. ఆ తర్వాత కోళ్లగూడు చూపించి, ఆగస్టులో మా కోళ్లు ఉడికించిన గుడ్లే పెడతాయి, కట్టెలు మిగులుతాయి అన్నారు. నేను మళ్లీ ఆయన ముఖం చూశాను. ముఖంలో ఏమీ లేదు. నల్లబడిన ముఖం, కొలిమి వేడికి ఒక కన్ను కాస్త చిన్నదై, రెప్ప మీద తెల్లటి మచ్చ. దుర్సున్ కూడా అలాగే, ఆవు గోపురం ఎక్కిన చోట ఒక పేజీ తిప్పేవాడు, అంతే, కనురెప్ప కదిలేది కాదు. సరిగ్గా అలాంటప్పుడు కప్పు కింద పెట్టకుండా ఎవరు ఉండగలరు.

ఛీ, ఏం ఆలోచిస్తున్నాను. కొడుక్కి పిల్లనడగడానికి వచ్చి. ఈ మాట బయటికి వస్తే నవ్విపోతారు, మా కొండ మీద అయితే పొగమంచు ఎక్కువ కాబట్టి నవ్వేవాళ్ల ముఖాలు కనబడవు, అది ఒక మేలు. తేయాకు కోత ఉంది, రెండో కోత అయ్యాక మూడోది. కొండ కింద పొగమంచులో చెయ్యి చాచితే నా చెయ్యి నాకే కనబడదు, ఎంత చల్లగా ఉంటుంది, తలగుడ్డ అంచు నుంచి నీటిబొట్లు మెడ వెనక్కి దిగుతాయి, ఆహా, ఇప్పుడు ఒక్క బొట్టు, ఒక్కటి. దుర్సున్, నువ్వు చెప్పు. చెప్పవా. చెప్తావు, నాకు తెలుసు, పేపరు మడిచి పట్టుకుని. ఈనాటి ముఖ్య వార్త. రిజె కొండల నుంచి వచ్చిన ఒక ముసలామె ఉర్ఫాలో ఉన్ని బనియనుతో పాటు కరిగిపోయినట్టు తెలిసింది. ఆమెను డబ్బాలో ఎత్తి వియ్యపురాలికి అప్పగించారు. ఇంకా ఉందా? ఉంది. పక్క పేజీ చూడాలి. పక్క పేజీలో ఏముంది దుర్సున్? ఆయన పేపరు తిప్పుతాడు, చాలా పెద్ద పేపరు, చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు విసనకర్రదో పావురాలదో.

పావురాలది కాదు, ఇల్యాస్ కాళ్లది. తలుపు సందులోంచి వాడి తల లోపలికి వచ్చింది, రహీమే పెద్దమ్మను చూసి గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, నిద్రపోయావా?"

"పోలేదు. ఉడుకుతున్నాను."

"ఏం చెప్పబోతున్నావు?"

"ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడానికి ఏముంది అమ్మా, గుల్లూ అత్త పేరు చెప్పెయ్. నవ్వుకుంటారు, అయిపోతుంది, ఆ తర్వాత అసలు మాట అడిగెయ్. జెలిహా పొద్దున నుంచి అన్నం తినలేదు భయంతో."

"నువ్వు తిన్నావా?"

"నేను తిన్నాను."

"గుల్లూను ఇవ్వను. ఆమెకు నిలకడ లేదు, మొగుళ్లు ఊరికే పోతారు."

"అమ్మా, నిజంగా ఇవ్వాలా ఏమిటి? ఆట కదా. సుల్తాన్ అత్త పేరు చెప్పు."

"ఆవు."

"కుట్టుమిషను ఆవిడ?"

"ఆమెలో ఏముందిరా, ఊరికే పళ్లు."

వాడు నా వంక కాసేపు చూశాడు. కాలువలో నీటిమట్టం చూసే చూపు. ఏం తెలిసిందో నాకు తెలియదు. "కింద పెట్టొద్దన్నాను," అని నెమ్మదిగా అన్నాడు. "అన్నావు నాన్నా," అన్నాను. తల బయటికి వెళ్లిపోయింది. పక్కన విసనకర్ర ఆగింది, గురక మాత్రం ఆగలేదు. అప్పుడు నాకు తెలిసింది, ముసలామె నిద్రపోవడం లేదు, గురక ఊరికే పెడుతోంది, మాటలు వినడానికి. ఇంటిల్లిపాదీ ఇంతే అన్నమాట, ఒక్కరి ముఖంలో ఏమీ కనబడదు. ఇలాంటి ఇంట్లో మా ఇల్యాస్ ఎలా బతుకుతాడు, వాడికి ప్రతిదీ అర్థమయ్యేసరికి మర్నాడవుతుంది. వాడికి తోడుగా ఎవరైనా ఉండాలి ఈ ఊళ్లో. ఇది కూడా నాకు నేను చెప్పుకుంటున్న అబద్ధమే. పర్వాలేదు, అలవాటు తప్పి చాలా కాలమైంది, ఎలా చెప్పుకోవాలో మళ్లీ నేర్చుకోవాలి. తలుపు సందులోంచి చూశాను. దానిమ్మ నీడ పళ్లెం అంచు ఎక్కి కప్పును తాకింది. ఈగ వెళ్లిపోయింది.

ముందుగా లేచింది రహీమే పెద్దమ్మే, అసలు పడుకుంటే కదా. ముంగిట్లో నీళ్లు చల్లారు, రాళ్లు బుస్సుమన్నాయి. అందరూ దానిమ్మ నీడలో చాపల మీద కూర్చున్నారు. ఇల్యాస్ ఒక పక్క, జెలిహా, తల్లి ఇంకో పక్క. మధ్యలో పళ్లెం, పళ్లెంలో ఆ కప్పు. బాకిర్ గారు తెల్ల చొక్కా మార్చుకుని వచ్చారు, బొత్తాలు ఒక రంధ్రం పైకి పెట్టుకున్నారు, కాలరు ఒక పక్కకు ఎగిరింది. ఎవరూ చెప్పలేదు. చేతిలో చెంబు, ఇంకో కప్పు. నా ముందు వంగి మిర్రా పోశారు.

"ఇది తాగాక నా చేతికివ్వాలండీ," అన్నారు.

"తెలుసు," అన్నాను.

తాగాను. పొద్దుటి కంటే చేదుగా ఉంది. లేదా పొద్దున నేను రుచి చూడనే లేదు. ఆయన చెయ్యి చాచారు. అరచేతిలో సుత్తి దెబ్బల కాయలు, మధ్యలో ఒక పాత కాలిన మచ్చ. కప్పు నా వేళ్ల మధ్య ఉంది. ఇల్యాస్ నా వేళ్లనే చూస్తున్నాడు.

"ఊఁ, చెప్పు వియ్యపురాలా," అంది రహీమే పెద్దమ్మ. "మా వాడికి ఎవరినిస్తావు?"

"ముందు ఆయన్ని ఒకటి అడగాలి పెద్దమ్మా," అన్నాను. ఆయన వైపు తిరిగాను. "ఈ ఊళ్లో నిజంగా వాన పడదా?"

ఆయన కాస్త ఆలోచించారు. "పడుతుందండీ. కానీ కింద దాకా రాదు. మేడల మీద పడుకున్నవాళ్లు మధ్యలోనే తాగేస్తారు."

ఈసారి నాకు దగ్గు రాలేదు. నవ్వు ఒక్కటే వచ్చింది, నెమ్మదిగా, మా కొండ మీద వాన మొదలైనట్టు. ముందుకు వంగి, ఆయన చాచిన చెయ్యి దాటించి, కప్పును పళ్లెంలో, మొదటి కప్పు పక్కన పెట్టాను. టక్.

ఎవరూ నవ్వలేదు. మేడ మీద పావురాల గొణుగుడు వినబడింది.

"ఇదేమిటి, మళ్లీ పెట్టావు?" అంది రహీమే పెద్దమ్మ.

"ఇందాక నవ్వొచ్చి పెట్టాను పెద్దమ్మా," అన్నాను. "ఇది చూసుకునే పెట్టాను."

బాకిర్ గారి ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. చిన్న కన్ను ఇంకా చిన్నదైంది, పెద్ద కన్ను ఇంకా పెద్దదైంది, నోరు తెరుచుకుంది, అందులోంచి అబద్ధం కాదు కదా, నిజం కూడా రాలేదు. చెంబు వంగి మిర్రా ఆయన పాదం మీద కారుతోంది. ఆయనకు తెలియడం లేదు.

"ఒరేయ్ బాకిర్, నోరు మూసుకో, ఈగలు దూరతాయి," అంది రహీమే పెద్దమ్మ. "చెంబు నిలబెట్టు. వాడి మాట నేను చెప్తున్నాను, వాడికి నువ్వంటే ఇష్టమే. పొద్దున నువ్వు మెట్లు దిగగానే, ఈవిడ పావురం సంగతి నమ్మిందమ్మా అని నాతో చెప్పుకుని మురిసిపోయాడు. ఇక నీ రెండో మాట అడుగు, సూర్యుడు దిగిపోతున్నాడు."

నేను ఇల్యాస్ వంక చూశాను. వాడి ముఖం ఎర్రగా ఉంది, తెల్లగా ఉంది, మళ్లీ ఎర్రగా ఉంది. వాడికి అర్థమయ్యేసరికి మర్నాడయింది, అప్పుడు వచ్చి నా తలగుడ్డ మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం మాత్రం జెలిహా వాడి మోచేతిలో పొడిచి, "నీళ్లు కావాలా, పడిపోతావా?" అని అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను. బస్సులో రాత్రంతా తిప్పుకున్న మాట. దేవుడి ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, అన్నాను, మిగతాది ఒక్క ముక్క గుర్తు రాలేదు. పిల్ల పేరు కూడా పోయింది. చెయ్యి చాచి జెలిహాను చూపించాను, ఆ తర్వాత ఇల్యాస్‌ను చూపించాను. "ఆ, అదే," అన్నాను.

"ఇచ్చాం," అన్నారు బాకిర్ గారు. ఆ రోజు ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

నేను లేచి లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, ఉన్ని బనియను విప్పాను. రాతిగోడకు వీపు ఆనించి నిలబడ్డాను. చల్లగా ఉంది.

ఇప్పుడు ఇంట్లో పేపరు నేను చదువుతాను. కొలిమి దెబ్బకు బాకిర్ గారి కళ్లకు చిన్న అక్షరాలు ఆనవు. సాయంత్రం మేడ మీద, మిరపకాయల పక్కన కూర్చుని, వేలు పెట్టి, నిదానంగా చదువుతాను. ఆయన కళ్లు మూసుకుని వింటారు. నిన్న ఆయనకు అంకారాలో గోపురం ఎక్కిన ఆవు సంగతి చదివి వినిపించాను. కళ్లు తెరవకుండానే ఒక మిరపకాయను తిప్పి పెట్టారు. తర్వాత, "దిగిందా?" అని అడిగారు. పక్క పేజీ చూడాలి అన్నాను.

నజ్మియే. వయసు అరవై ఎనిమిది. ఉండేది ఉర్ఫాలో, రాగిపనివాళ్ల బజారు వెనక, మేడ మీద పావురాలున్న ఇంట్లో.